ఇసుక చూడటానికి ఎన్ని లెన్సులు కావాలి?

సంక్రాంతి తర్వాత జైసల్మేర్ పోదామని మన శాఖలో ఏడుగురం అనుకున్నాం. ఈ గోడ ముందు నిలబడి చదివే వాళ్లందరికీ ఆ సంగతి తెలుసు. రెండు వారాలుగా క్యాంటీన్లో, బస్‌స్టాపులో, ఆఖరికి ఛందస్సు క్లాసులో వెనక బెంచీ మీద కూడా మేము మాట్లాడుకుంటున్నది అదే. ఎడారిలో ఫోటోలు తీయాలి, తిరిగొచ్చాక వాటిని ఈ గోడ మీదే పెట్టాలి అని మా ఆశ. మేడమ్ గారు తోడు వస్తామన్నారు. ఇళ్లలో ఒప్పించే పని కూడా సగం అయింది.

ఇంతవరకు బాగానే ఉంది. పోయిన బుధవారం మాలో ఒకమ్మాయి నోటుబుక్కు చివరి పేజీలో రాసిన సామాను జాబితా చేతులు మారింది. రెండు కెమెరాలు, ఒక వైడ్ లెన్సు, ఒక మామూలు జూమ్, దూరం నుంచి పిట్టల్ని పట్టే 150–600 జూమ్, రెండు ట్రైపాడ్లు, ఫిల్టర్ల పెట్టె, ఫోనుకు గింబల్, దొరికితే డ్రోను, ఇంకా చిన్నాచితకా కలిపి పద్నాలుగు వస్తువులు. అన్నీ అద్దెకే. కింద లెక్క కూడా వేసి ఉంది. రోజుకు రూ.2,000, ఎనిమిది రోజులకు రూ.16,000, తలా దాదాపు రూ.2,300. డిపాజిట్ వేరే.

గురువారం పొద్దున్నే ఇద్దరు తాము రావడం లేదన్నారు. ఒకరు ఇంట్లో ఒప్పుకోలేదన్నారు. ఇంకొకరు అప్పుడు ఊళ్లో జాతర ఉందన్నారు. మంగళవారం వరకు ఒప్పుకున్న ఇల్లు, గుర్తురాని జాతర, బుధవారం లెక్క చూశాకే ఎందుకు అడ్డం వచ్చాయో మాకందరికీ తెలుసు. ఎవరమూ పైకి అనలేదు. ఆ రోజు నేనూ అనలేదు. అందుకే ఇక్కడ రాస్తున్నాను.

నా అభిప్రాయం ఇది. ఈ ప్రయాణానికి ఒక కెమెరా, ఒక లెన్సు, ఒక ట్రైపాడు చాలు. మిగతావన్నీ కొట్టేద్దాం. డబ్బు తక్కువ గనక సర్దుకుందాం అని నేను అనడం లేదు. డబ్బు ఉన్నా ఇదే మంచిదంటాను. ఎందుకో చెప్తాను. చదివి ఒప్పుకోకపోతే పక్కన కాగితం అంటించండి.

ముందు అద్దె సంగతి చూద్దాం. మనం బళ్ళారి నుంచి హుబ్బళ్ళి పోయి, అక్కడ బెంగుళూరు–జోధ్‌పూర్ రైలెక్కాలి. జోధ్‌పూర్ నుంచి జైసల్మేర్‌కు ఇంకో ఐదారు గంటలు. పోవడానికి రెండు రోజులు, రావడానికి రెండు రోజులు. అంటే ఎనిమిది రోజుల అద్దెలో నాలుగు రోజులు ఆ లెన్సులు బెర్తు కింద సంచిలో పడుకుని ఉంటాయి. దుకాణం వాళ్లు వాటికీ లెక్క కడతారు. తలా రూ.2,300 అంటే హుబ్బళ్ళి నుంచి జోధ్‌పూర్‌కు స్లీపర్లో పోయి రావడానికయ్యే దానికంటే ఎక్కువ. ఒక మనిషి టికెట్టు కంటే సామాను బాడుగ ఎక్కువైతే, మనం మనుషుల్ని తీసుకెళ్తున్నామా, సామాన్ని తీసుకెళ్తున్నామా?

రెండోది బరువు. ఆ 150–600 జూమ్ ఒక్కటే దాదాపు రెండు కిలోలు. దాన్ని ఎవరు మోస్తారు? రాత్రి రైల్లో దాన్ని ఎవరు తలకింద పెట్టుకుని నిద్ర మానుకుంటారు? పోగొట్టుకుంటే ఎవరి నాన్న కడతాడు? జాబితాలో ఈ ప్రశ్నలకు గడి లేదు.

మూడోది ఇసుక. దీని గురించి నాకు కొంచెం సొంత అనుభవం ఉంది. అది చెప్పడానికి సిగ్గుగానే ఉంది.

మా అమ్మది తెలుగు, అప్పది కన్నడ. అమ్మ పుట్టిల్లు హద్దుకు అవతల, అనంతపురం జిల్లా బొమ్మనహాళ్ మండలంలో. మనం హగరి అనే నదినే అక్కడ వేదవతి అని కూడా అంటారు. ఏడాదిలో ఎక్కువ రోజులు అది ఎండిపోయే ఉంటుంది. ఎండిన ఏటి ఇసుకను గాలి లేపి ఒడ్డున ఉన్న చేలమీదికి తోస్తుంది. బొమ్మనహాళ్, కణేకల్ మండలాల్లో కొన్నిచోట్ల అది దిబ్బలు దిబ్బలుగా పేరుకుని ఉంది. చూడని వాళ్లకు చెప్తే నమ్మరు. బళ్ళారి నుంచి బస్సెక్కి పోయి చూసి రాగలిగినంత దగ్గరలో ఇసుక దిబ్బలున్నాయి.

పోయిన ఆషాఢంలో అప్ప కెమెరా తీసుకుని అక్కడికి పోయినాను. అది నికాన్ డి3200, పాతది, దాంతో వచ్చిన 18–55 లెన్సు. అప్ప నేను చిన్నగా ఉన్నప్పుడు కొన్నాడు. నా బడి ఫోటోలన్నీ దాంతో తీసినవే. నాకు ఆ లెన్సు చాలదనిపించి, తెలిసిన వాళ్ల దగ్గర 55–200 అడిగి తెచ్చుకున్నాను. దిబ్బ మీద నిలబడి, గాలికి వీపు కూడా తిప్పకుండా, ఒక లెన్సు పీకి ఇంకోటి పెట్టాను. మళ్లీ మార్చాను. అలా నాలుగైదుసార్లు. ఆషాఢం గాలి ఎట్లుంటుందో మీకు చెప్పక్కర్లేదు.

ఇంటికొచ్చి కంప్యూటర్లో చూస్తే ప్రతి ఫోటోలోనూ ఆకాశంలో ఒకే చోట నల్ల చుక్కలు. మొదట పిట్టలనుకున్నాను. పిట్టలు నూట నలభై ఫోటోల్లో ఒకే చోట ఎగరవు కదా. లెన్సు తీసినప్పుడు లోపలికి పోయిన దుమ్ము సెన్సరు మీద కూర్చుంది. 18–55 జూమ్ తిప్పితే కరకరమని చప్పుడు. కెమెరాను బెంగుళూరుకు పంపి శుభ్రం చేయించాల్సి వచ్చింది. పన్నెండు వందలయింది. ఆ కరకర మాత్రం ఇప్పటికీ పూర్తిగా పోలేదు. అప్ప నన్ను ఒక్క మాట అనలేదు. "ఇరలి బిడు" అన్నాడు, అంతే. తిట్టి ఉంటే బాగుండేది అనిపించింది.

అది మా సొంత కెమెరా, అప్ప మా అప్ప. రేపు అద్దె లెన్సు కరకరమంటే దుకాణంలో ఎవరూ "ఇరలి బిడు" అనరు. డిపాజిట్ పట్టుకుంటారు. ఆ డబ్బు ఏడుగురి మధ్య ఎట్లా పంచుకోవాలో తేల్చుకునేసరికి మన స్నేహం కూడా కరకరమంటుంది.

కాబట్టి ఎడారికి నేను చెప్పే మొదటి నియమం, బయట లెన్సు మార్చకూడదు. ఆ నియమం ఒప్పుకున్నాక మూడు లెన్సులెందుకు? ఒక్క లెన్సు పెట్టి, ఇంటి దగ్గరే బిగించి, తిరిగి ఇంటికొచ్చాకే విప్పాలి. 18–55 పేరుకు చిన్నదే. కానీ 18 దగ్గర పెడితే దిబ్బా, ఆకాశమూ రెండూ పడతాయి. 55 దగ్గర ఒక మనిషి ముఖం చక్కగా వస్తుంది. ఈ రెంటి మధ్య మనకు కావలసినవి దాదాపు అన్నీ ఉన్నాయి.

జాబితా రాసిన స్నేహితురాలికి కోపం రాకూడదు. ఆమె ఊరికే రాయలేదు. ఎన్నో వీడియోలు చూసి, దుకాణాలకు ఫోన్లు చేసి రాసింది. రేపు ఫోటోగ్రఫీనే పనిగా పెట్టుకోవాలని ఆమె కోరిక. ఆమె అడిగిన రెండు ప్రశ్నలకు జవాబు చెప్పకుండా పోతే అన్యాయం. "పిట్టను ఎట్లా తీస్తావు? పాలపుంతను ఎట్లా తీస్తావు?"

పిట్ట అంటే ఆమె మనసులో ఉన్నది గ్రేట్ ఇండియన్ బస్టర్డ్. తెలుగులో బట్టమేక పిట్ట. జైసల్మేర్ పక్కనున్న డెజర్ట్ నేషనల్ పార్కు 3,162 చదరపు కిలోమీటర్లు. దేశంలో మిగిలిన బట్టమేకల్లో ఎక్కువ అక్కడే ఉన్నాయి. మిగిలినవి మొత్తం కలిపినా రెండు వందల లోపే. అంత విశాలంలో, ఒక పూటలో, ఏడుగురు ఆడపిల్లలు జీపులో మాట్లాడుకుంటూ పోతే ఆ పిట్ట వచ్చి మన లెన్సు ముందు నిలబడుతుందా? నిలబడినా, ఫోటో కోసం దగ్గరికి పోయి తరమడం దానికి మంచిదా? ఒక బైనాక్యులర్ పట్టుకుపోదాం. కనిపిస్తే అందరం వంతులవారీగా చూద్దాం. ఇంకో మాట. ఈ పిట్ట మన జిల్లాలోనే సిరుగుప్ప వైపు నల్లరేగడి చేలల్లో కొద్దిగా మిగిలి ఉంది. ఆంధ్రలో దాని కోసమే రోళ్ళపాడు అభయారణ్యం పెట్టారు. సిరుగుప్పకు ఒక్కరోజు కూడా పోని మనం రెండు కిలోల లెన్సు మోసుకుని రాజస్థాన్‌లో దాన్ని వెతకడం నాకు విడ్డూరంగా ఉంది.

ఇక పాలపుంత. ఇసుక మీద ఆకాశం నిండా వెలిగే పాలపుంత ఫోటోలు అందరం చూశాం. వాటిలో బాగా వెలిగే నడిబొడ్డు ధనుస్సు రాశి వైపు ఉంటుంది. ధనుర్మాసంలో సూర్యుడు ఎక్కడుంటాడు? నెలంతా ముగ్గులేసే మనకు వేరే చెప్పాలా? ధనుస్సులోనే. సంక్రాంతికి మకరంలోకి మారినా అప్పటికి ఇంకా ఆ పక్కనే ఉంటాడు. అంటే మనం పోయే రోజుల్లో ఆ నడిబొడ్డు సూర్యుడికి కాస్త ముందు ఉదయించి, సూర్యుడికంటే ముందే అస్తమిస్తుంది. తెల్లవారే ముందు కాసేపు తప్ప రాత్రిపూట కనిపించదు. ఎంత ఖరీదైన వైడ్ లెన్సు పట్టుకుపోయినా లేనిదాన్ని తీయలేం కదా.

ఆ నెలలో కనిపించేవి వేరే ఉన్నాయి. మృగశిర, ఆర్ద్ర నడినెత్తికి వస్తాయి. కృత్తికలు కనిపిస్తాయి. మా అవ్వ కృత్తికల్ని పిల్లలకోడి అంటుంది. వీటికి మన 18–55 చాలు. 18 దగ్గర పెట్టి, ఎపర్చరు పూర్తిగా తెరిచి, ట్రైపాడు మీద పదిహేను సెకన్లు వదిలితే నక్షత్రాలు గీతలు కాకుండా చుక్కలుగానే వస్తాయి. దీనికో సులువైన లెక్క ఉంది. మన కెమెరాల్లాంటి చిన్న సెన్సరుకు లెన్సు అంకెను ఒకటిన్నరతో హెచ్చించి, దాంతో 500ను భాగించాలి. 18కి 27 వస్తుంది, 500లో 27 అంటే పద్దెనిమిదిన్నర సెకన్లు. అంతకు మించితే భూమి తిరగడం ఫోటోలో తెలిసిపోతుంది. అమావాస్యకు దగ్గర్లో తేదీ చూసుకుంటే చాలు. ఆకాశం నల్లగా ఉండటానికి అద్దె కట్టక్కర్లేదు.

డ్రోను మాట పూర్తిగా మరిచిపోదాం. జైసల్మేర్ పాకిస్తాన్ సరిహద్దు జిల్లా. అక్కడ అనుమతి లేకుండా డ్రోను ఎగరేస్తే మేడమ్ గారు మనల్ని విడిపించడానికి పోలీసు స్టేషన్ల చుట్టూ తిరగాలి.

మరి ఏం పట్టుకుపోవాలి? అప్ప కెమెరా ఇస్తానన్నాడు. ఆషాఢం తర్వాత కూడా ఇస్తానన్నాడంటే ఆయన మనసు చూడండి. దానికి రెండు బ్యాటరీలు. జనవరి రాత్రుల్లో అక్కడ చలి పది డిగ్రీల లోపలికి పడిపోతుంది. చలికి బ్యాటరీ తొందరగా దిగిపోతుంది. అందుకని రెండోదాన్ని ఒంటికి తగిలేలా లోపలి జేబులో పెట్టుకోవాలి. మన చుడీదార్లకు జేబులుండవు గనక జేబున్న స్వెట్టరు వేసుకోండి. తెల్లవారుజామున చలిలో తిరిగిన కెమెరాను వెచ్చటి గదిలోకి తెస్తే అద్దం మీద ఆవిరి పడుతుంది. బయటే జిప్ కవర్లో పెట్టి మూసి, లోపలికి తెచ్చి, అరగంట ఆగి తీయాలి.

లెన్సు ముందు ఒక యూవీ ఫిల్టరు. గీత పడితే దాని మీదే పడుతుంది. దుమ్ము ఊదడానికి రబ్బరు బుడ్డి ఒకటి, మెత్తటి బ్రష్షు ఒకటి. ముందు ఊదాలి, తర్వాత బ్రష్షు, ఆఖరికే గుడ్డ. చున్నీ కొసతో తుడవడం మనందరికీ అలవాటు. అక్కడ చున్నీ నిండా ఇసుకే ఉంటుంది, తుడిస్తే అద్దం గీరుకుపోతుంది. గాలి లేచినప్పుడు కెమెరాకు కప్పడానికి ఒక మామూలు ప్లాస్టిక్ కవరు. దానికి లెన్సు పట్టేంత బొక్క చేసి రబ్బరు బ్యాండు వేస్తే సరి. ఇవన్నీ కలిపినా అద్దె లెక్కలో ఒక రోజు డబ్బు కూడా కాదు.

"ఏడుగురికి ఒకే కెమెరానా?" అంటారని తెలుసు. అవును. పూటకొకరి చేతిలో ఉంటుంది. నాలుగు రోజులకు పొద్దున, సాయంత్రం కలిపి ఎనిమిది పూటలు. ఏడుగురికి ఏడు, ఎనిమిదోది మేడమ్ గారికి. మిగతా వాళ్లకు ఫోన్లున్నాయి. ఇంకా చెప్పాలంటే, చేతిలో కెమెరా లేని పూటే మనకు ఎక్కువ కనిపిస్తుంది. చూసింది రాసుకోవచ్చు. మనది తెలుగు శాఖ, ఫోటోగ్రఫీ శాఖ కాదు. తిరిగొచ్చాక ఒక్కొక్కరు మూడే ఫోటోలు ఏరుకుని, ఒక్కోదాని కింద నాలుగు వాక్యాలు తెలుగులో రాస్తే ఇరవై ఒక్క ఫోటోలతో ఈ గోడ నిండిపోతుంది.

మిగిలిన డబ్బు ఏం చేయాలంటే, అక్కడ ఒక రాత్రి ఎక్కువ ఉండటానికి వాడదాం. చాలామంది జైసల్మేర్‌లో దిగి, సాయంత్రం నలభై కిలోమీటర్ల దూరంలోని సమ్ దిబ్బలకు పోయి, ఒంటె ఎక్కి, సూర్యాస్తమయం తీసి వచ్చేస్తారు. ఆ వేళకు అక్కడ జీపులు, జనం, పాటల మోత. ఇసుక నిండా అడుగుల గుర్తులే. ఖూరీ అనే ఊరి దగ్గర దిబ్బలు కొంచెం ప్రశాంతంగా ఉంటాయంటారు. అక్కడ రాత్రి ఉండి, తెల్లవారకముందే లేస్తే, రాత్రి గాలి అడుగులన్నీ తుడిచేసి ఉంటుంది. సూర్యుడు కింద ఉన్నప్పుడే ఇసుక అలల నీడలు లేస్తాయి. నడిపొద్దున అదే దిబ్బ చదునుగా, తెల్లగా, ఏమీ లేనట్టు ఉంటుంది. మంచి ఫోటోకు లెన్సు కంటే ఆ అరగంట ముఖ్యం. ఆ అరగంట దొరకాలంటే అక్కడే పడుకుని లేవాలి.

ఇవన్నీ నేను హగరి ఒడ్డునే నేర్చుకున్నాను. ఇసుకను మామూలుగా తీస్తే ఫోటో మబ్బుపట్టినట్టు బూడిద రంగులో వస్తుంది. కెమెరా లోపలి మీటరు ఎదురుగా ఉన్నది ఏదైనా మధ్యరకం వెలుతురే అనుకుంటుంది. మెరిసే ఇసుకను చూసి 'అబ్బో ఎక్కువైంది' అని తనే తగ్గించేస్తుంది. కూడిక-తీసివేత గుర్తున్న బొత్తాం నొక్కి ముప్పావు నుంచి ఒకటి దాకా పెంచితే ఇసుక ఇసుకలా వస్తుంది. నాకిది తెలియడానికి రెండు సాయంత్రాలు పట్టింది. అవే రెండు సాయంత్రాలు జైసల్మేర్‌లో పోగొట్టుకుంటే ఇంక మిగిలేవి రెండే.

అందుకే అంటున్నాను, జనవరికి ముందు ఒక ఆదివారం అందరం మా అవ్వ ఊరికి పోదాం. పొద్దున పోయి రాత్రికి రావచ్చు. కెమెరా చేతులు మార్చుకోవడం, గాలికి వీపు తిప్పడం, కవరు కప్పడం అన్నీ అక్కడే అలవాటు చేసుకుందాం. తప్పులు అక్కడే చేసుకుందాం. అవ్వ జొన్నరొట్టె, శెనగవిత్తనాల ఊరిబిండి చేసి పెడుతుంది.

అయితే అవ్వ గురించి ఒక మాట చెప్పకుండా మిమ్మల్ని అక్కడికి పిలవలేను. జైసల్మేర్ మాట చెప్పినప్పుడు ఆమె నవ్వింది. "ఏమ్మే, ఇసుక చూసేదానికి రెండు దినాలు రైల్లో పోతారా? మన చేన్లో లేదా?" అంది. నేనూ నవ్వాను. తర్వాత నవ్వు రాలేదు. ఎందుకంటే ఆ దిబ్బ నిజంగానే అవ్వ చేను. తాత ఉన్నప్పుడు అందులో శెనక్కాయ పండేది. ఏటేటా ఇసుక జరుగుతూ జరుగుతూ వచ్చి ఒక చెక్క మొత్తం కప్పేసింది. ఇప్పుడు అక్కడ విత్తనం వేయరు.

ఆరేళ్ల కిందట ఇద్దరు అబ్బాయిలు పెద్ద పెద్ద కెమెరాలతో మోటారు సైకిల్ మీద అక్కడికి వచ్చారట. దిబ్బను చూసి సంబరపడ్డారట. అవ్వ తల మీద గంప ఉంది. "అవ్వా, ఆ దిబ్బ మీద అట్లా నడువు" అన్నారట. నడిచింది. వెలుతురు సరిగా లేదని మళ్లీ నడిపించారు. మూడుసార్లు నడిచింది. ఫోటో పంపిస్తామన్నారు. ఎవరి పేరూ, ఏ ఊరూ రాసుకోలేదు. పంపలేదు. "నేను నడిచింది నా చేను మిందే అని వాళ్లకేం తెలుసు పాప, బాగుంది బాగుంది అన్నారు" అంటుంది అవ్వ. ఆమెకు కోపం లేదు. ఆ ఫోటోలో తను ఎట్లుందో చూడాలని మాత్రం ఉంది.

ఈ కథ విన్నాక నేను నా నూట నలభై ఫోటోలు మళ్లీ తెరిచి చూశాను. దిబ్బలున్నాయి, నీడలున్నాయి, నల్ల చుక్కలున్నాయి. అవ్వ ఒక్కదాంట్లో కూడా లేదు. ఆ అబ్బాయిలు కనీసం ఆమెను తీశారు. నేను లెన్సులు మార్చే పనిలో ఉన్నాను.

జైసల్మేర్‌లోనూ ఇదే జరుగుతుంది. అక్కడి ఇసుక మనకు దృశ్యం, అక్కడి వాళ్లకు బతుకు. ఏడాదికి రెండు వందల మిల్లీమీటర్లు కూడా వాన పడని చోట వాళ్లు పశువుల్ని మేపుతున్నారు, నీళ్లు మోస్తున్నారు. కరువు మాట వస్తే మనవాళ్లు అనంతపురాన్ని జైసల్మేర్ పక్కన పెట్టి చెప్తుంటారు. అనంతపురంలో సగటున ఐదొందల యాభై దాకా పడుతుంది. ఆ ఐదొందల యాభైతోనే మా అవ్వ వాళ్లు ఎంత అవస్థ పడ్డారో చూస్తే, రెండొందల లోపుతో బతికేవాళ్ల దగ్గరికి పోతున్నామన్న ఎరుక మనకుండాలి. అక్కడ నెత్తిన బిందెలు పెట్టుకుని దిబ్బ దిగే ఆడవాళ్లను చూడగానే మన చేతులు ఊరుకోవు. ముందు పలకరించాలి. ముఖం మీద ముసుగు లాగుకుంటే కెమెరా దించాలి. హంపిలో టూరిస్టులు లంబాణీ అక్కల్ని అడక్కుండా చుట్టుముట్టి తీస్తుంటే మనకెంత కష్టంగా ఉంటుందో గుర్తు తెచ్చుకుంటే చాలు.

అక్కడ మనకు తెలిసినవీ ఉంటాయి. అక్కడి వాళ్లు ఖేజ్రీ అని కొలిచే చెట్టు మరేదో కాదు, మన జమ్మి. మా అప్ప వాళ్ల బన్ని. దసరాకు మన ఇళ్లలో ఆకు పంచుకునే చెట్టే. దాన్ని తీయడానికి ఏ లెన్సు కావాలి? దాన్ని చూసి 'ఓ, నువ్వా' అని గుర్తుపడితే చాలదా?

కాబట్టి జాబితాలో నేను ఒక్క వస్తువు కలపమంటాను. గట్టి అట్ట ఉన్న చిన్న నోటుబుక్కు. ఎవరి ఫోటో తీస్తే వాళ్ల పేరు, ఊరు, చిరునామా అందులో రాసుకోవాలి. తిరిగొచ్చాక ప్రింటు తీయించి పోస్టులో పంపాలి. మన ఇరవై ఒక్క ఫోటోలు గోడెక్కే ముందే ఆ కవర్లు పోస్టుడబ్బాలో పడాలి. ఇది ఒప్పుకోని వాళ్లు మనుషుల ఫోటోలు తీయకుండా దిబ్బలే తీసుకోవచ్చు.

ఇదీ నా లెక్క. ఒక కెమెరా, ఒక లెన్సు, రెండు బ్యాటరీలు, రెండు కార్డులు, ఒక ట్రైపాడు, ఒక ఫిల్టరు, రబ్బరు బుడ్డి, బ్రష్షు, ప్లాస్టిక్ కవర్లు, బైనాక్యులర్, నోటుబుక్కు. అద్దె సున్నా. డిపాజిట్ సున్నా. మనుషులు ఏడుగురు.

ఆ చివరి అంకె కోసమే ఇదంతా రాశాను. ఇంట్లో ఒప్పుకోలేదన్నవాళ్లూ, జాతర ఉందన్నవాళ్లూ ఇది చదువుతారు. మీ పేర్లు ఇక్కడ రాయలేదు, రాయను. శుక్రవారం లోపల టికెట్ల జాబితా మేడమ్ గారికి ఇవ్వాలి. అది శాఖ గది బల్ల మీద, నిఘంటువు కింద ఉంటుంది. కొట్టేసిన మీ పేర్లు మీరే మళ్లీ రాయండి. ఎవరూ ఏమీ అడగరు. పెన్నూ అక్కడే పెట్టాను.

ఒప్పుకోని వాళ్లు ఈ కాగితం పక్కన ఖాళీ వదిలాను, అక్కడ రాయండి. వచ్చే ఆదివారం బొమ్మనహాళ్ వచ్చేవాళ్లు పొద్దున ఏడింటికి బస్టాండు దగ్గర ఉండండి. నేను మాత్రం ఈసారి మొదటి ఫోటో అవ్వది తీసి, సోమవారమే ప్రింటు తీయిస్తాను.

— ద్వితీయ సంవత్సరం బి.ఎ. విద్యార్థిని